స్ప్రింగుల కింద

కొత్త క్లచ్ ప్లేట్లు నూనెలో గంటసేపైనా నానాలి. పొడిగా బిగిస్తే నాలుగు రోజుల్లో మాడి చస్తాయి. ఈ మాట నాకు నేర్పింది నాన్నే. ఇప్పుడు లోపలి గదిలో మంచం మీంచి “ఇంకా ఎంతసేపమ్మాయ్, పావుగంట చాలదా, బిగించి పారెయ్” అంటున్నదీ నాన్నే. పని నేర్పినవాడే పని చెడగొట్టమంటే ఎవరికి చెప్పుకోవాలి. “నానుతున్నాయి నాన్నా” అన్నాను. “నానితే నాననీ, స్ప్రింగుల జోలికి మాత్రం పోకు” అన్నాడు. పొద్దున్నుంచీ ఇదే పాట. ప్లేట్లు మార్చు, మిగతావి ముట్టుకోకు, స్ప్రింగులు నేను వేసినవి, వాటికేం కాదు. ఆయనకి కాళ్ళ దగ్గరున్న చెప్పులు కనబడవు, టీ గ్లాసు చేతికి తగిలితే గానీ తెలీదు, ఈ బండి స్ప్రింగులు మాత్రం గోడ అవతల్నుంచి కూడా కనబడుతున్నాయి కాబోలు. సరేలే, ముసలితనం, ఒక మాట పట్టుకుంటే వదలరు. రేకు పళ్ళెంలో ప్లేట్లని ఒకసారి తిరగేసి స్టూలు మీద కూర్చున్నాను. ఎండ షట్టరు కిందినుంచి గచ్చు మీదికి పాకింది. వీధిలో ఎవరో ఇనపసామాను దింపుతున్నారు, ఆ చప్పుడుకి పళ్ళెంలో నూనె వణుకుతోంది.

బండి నాది కాదు. నాది కావలసిందే, కాలేదు. తమ్ముడిది. ఇరవయ్యేళ్ళకి పైగా వాడే నడిపాడు. ఇప్పుడు క్లచ్ జారుతోంది, అంటే ఇంజను గొంతు చించుకుని అరుస్తుంది, చక్రం మాత్రం తనకేమీ పట్టనట్టు నింపాదిగా కదులుతుంది. మా ఇంట్లో మగవాళ్ళు పనిచేసే తీరూ ఇంతే, అందుకేనేమో ఇన్నాళ్ళూ వాడికి తేడా తెలియలేదు. వాడి కూతురికి, నా మేనకోడలికి, మేమంతా పిడుగు అని పిలుస్తాం, రక్తపరీక్షల వాళ్ళ దగ్గర ఉద్యోగం వచ్చింది. ఇంటింటికీ తిరిగి రక్తం తీసి సీసాల్లో పట్టుకొచ్చి ఇవ్వాలి. సొంత బండి ఉండాలి, సోమవారం చేరాలి, లేదంటే ఆ ఉద్యోగం ఇంకొకరికి. తమ్ముడు పెద్ద ధర్మరాజులా షరతు పెట్టాడు. “వీధి చివరిదాకా వెళ్ళి, మలుపు తిరిగి, ఎక్కడా ఆగిపోకుండా వెనక్కి రా, బండి నీది. రాలేకపోయావా, నాలుగింటికి పాలాయన వస్తాడు, ఆయనకి ఇచ్చేస్తా.” పోయిన వారం ఒకసారి ఎక్కింది పాపం, పది గజాలు పోకుండానే బండి ఎగిరి దూకి ఆగిపోయింది. ఎడమ మణికట్టు నలుపుకుంటూ నా దగ్గరికొచ్చి “అత్తా, నాది మేనత్త పోలికట, చెయ్యి కూడా నీ చెయ్యేనట, తాతయ్య అన్నాడు” అంది. నవ్వుతూనే అంది. నేనేమన్నాను? “అదంతే తల్లీ, మన చేతులే అంత” అన్నాను. అని, ఒక మంచిమాట చెప్పినదాన్లా దాని జుట్టు కూడా నిమిరాను.

పని చూద్దాం. పాత ప్లేట్ల సంగతి ఆలోచించక్కర్లేదు, మూత తియ్యగానే వాసనే చెప్పింది, కాలిన గోరు వాసన. మార్చేయడమే. స్టీలు ప్లేట్లు అలా కాదు, ఒక్కోదాన్నీ అద్దం ముక్క మీద పెట్టి అంచు నొక్కి చూడాలి, టకటకమంటే వంగినట్టు. రెండు వేడికి నీలంగా కమిలిపోయి ఉన్నాయి, అవే టకటకమన్నాయి, తీసి పక్కన పడేశాను. మిగతావి మంచివే, ఉప్పుకాగితంతో రుద్దితే ఇంకా చాలాకాలం వస్తాయి. ప్లేట్లన్నీ కూర్చునే గిన్నె అంచులకి గాట్లు పడ్డాయి. కొత్తది కొనాలా, ఆకురాయితో సాపు చేస్తే సరిపోతుందా? గోరు పెట్టి లాగితే తగులుతోంది గానీ ఆగడం లేదు, ఆకురాయి చాలు. ఏది ఉంచాలి, ఏది తియ్యాలి, ఏది ఇంకొన్నాళ్ళు ఓపిక పడుతుంది, ఇవి తేల్చడం నాకు ఇష్టం. మనుషుల్ని కూడా ఇలా అద్దం మీద పెట్టి నొక్కి చూసే వీలుంటే నాకు పెళ్ళయ్యేదే కాదు. ఆ సంగతి వదిలెయ్యండి, అది ఇంకో బండి. ఈ బండి క్లచ్ మాత్రం నేను విప్పడం ఇదే మొదటిసారి. షాపులోకి వచ్చిన ప్రతి బండినీ నా మీదికి తోసేసి తను పేపరు చదువుకునే నాన్న, తమ్ముడి బండి క్లచ్ పని వచ్చిందంటే లుంగీ ఎగ్గట్టి తనే కూర్చునేవాడు. “ఇది నేను చూసుకుంటా, నువ్వు ఆ పంక్చరు చూడు.” తన మొదటి సంపాదనతో కొన్న బండి కదా, మమకారం అనుకున్నాను. ఇప్పుడు కళ్ళు పోయాయి గనక నా చేతికొచ్చింది.

మమకారం నాకూ ఉండేది. ఆ రోజు తర్వాత ఈ బండి హేండిల్ మళ్ళీ ముట్టుకోలేదు. తుడవాల్సొస్తే ట్యాంకు దాకా తుడిచి గుడ్డ పక్కన పెట్టేసేదాన్ని. నాకప్పుడు ఇరవై. బస్సుల కంపెనీవాళ్ళకి దారిలో చెడిపోయిన బస్సుల దగ్గరికి వెళ్ళి బాగుచేసే మెకానిక్కులు కావాలన్నారు. వెళ్ళాను. “ఆడపిల్లా?” అని నోరు తెరిచారు. మూలనున్న ఇంజనొకటి నా ముందు పడేశారు. నేను దాన్ని విప్పి బిగించి నడిపించాక తెరిచిన నోరు మూసుకుని, సొంత బండి ఉంటే ఒకటో తారీఖున వచ్చి చేరమన్నారు. ఇంటికొచ్చి చెబితే నాన్న కాదనలేదు. అదే వింత, ఒక్క మాట కూడా కాదనలేదు. “బండి తీసుకెళ్ళమ్మా, నీదే అనుకో. రేపొకసారి నా కళ్ళముందు వీధి చివరిదాకా వెళ్ళిరా, నాకు ధైర్యం” అన్నాడు. నాకు నవ్వొచ్చింది. స్పేర్‌పార్టుల కొట్టుకి రోజూ దాని మీదే పోయొచ్చేదాన్ని, నా చెప్పుల కంటే బాగా తెలుసు నాకా బండి. తెల్లారి ఎక్కి ఎడమచేత్తో క్లచ్ లివర్ పట్టుకుంటే రాయి. లాగాను, వచ్చింది, బయల్దేరాను. బట్టలకొట్టు ముందు లారీ అడ్డమొచ్చింది, లివర్ లాగి పట్టుకుని నిలబడాలి, పట్టుకున్నాను, వేళ్ళు వణికాయి, తర్వాత వేళ్ళున్నాయో లేవో తెలియలేదు, బండి దూకి ఆగి నా కాలి మీద పడింది. కొట్టు ముందు నిలబడ్డవాళ్ళు నవ్వారు. “గరిటె తిప్పడమనుకుందిరా” అన్నాడొకడు. ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది, వాడెవడో చచ్చే ఉంటాడు. నాన్న పరుగెత్తుకొచ్చాడు. ముందు నన్నే లేపాడు, బండిని తర్వాత లేపాడు. ఇంటికి తీసుకొచ్చి కాలికి మందు రాస్తూ “నీ తప్పు కాదమ్మా. చెయ్యి చాలదు, అంతే. దేవుడిచ్చిన చెయ్యి, మనమేం చేస్తాం” అన్నాడు. ఎంత మెత్తగా అన్నాడనీ. ఆ మెత్తదనానికే నేను ఏడ్చాను. నిన్నటిదాకా లాగిన చెయ్యి ఇవాళ ఎందుకు లాగలేదని అడిగాను కూడా. “భయం. భయపడితే చేతిలో పస ఉండదు” అన్నాడు.

నమ్మాను. ఎవరో పరాయివాడు చెబితే నమ్మేదాన్ని కాదు, నాన్న కదా, చేతుల సంగతి ఆయనకి తెలీదా. ఎడమచేత్తో రబ్బరు బంతి పిసుక్కుంటూ ఎన్ని రాత్రులు పడుకున్నానో. సీసా మూత బిగుసుకుపోతే పక్కింటావిడకి ఇచ్చి తీయించుకున్నాను, మెకానిక్కుని, నేను. పదిమంది మగాళ్ళు చేతులెత్తేసిన తుప్పు నట్లని రెండు చేతులా పానా పట్టి విప్పి, ఆ గొప్పంతా కుడిచేతికే కట్టబెట్టాను. తమ్ముడికి బండి వెళ్ళింది. వాడికి చేతులు గునపాల్లా ఉంటాయి, “కొంచెం బిగువక్కా దీని క్లచ్, మగబండి” అని మురిసిపోయేవాడు. బస్సుల కంపెనీ ఉద్యోగం ఎవరికి పోయిందో తెలీదు. షాపు మాత్రం నాకు దొరికింది. దొరికింది అనాలా, నేను దానికి దొరికాననాలా? బోర్డు మీద నాన్న పేరు, కింద చిన్నక్షరాల్లో తమ్ముడి పేరు, నూనె మరకలన్నీ నా బట్టల మీద. వచ్చినవాళ్ళు నన్ను చూసి “మెకానిక్ లేడా అమ్మా?” అంటారు. ఉన్నాడు, లోపల పడుకున్నాడు, చెప్పండి, అంటాను.

స్ప్రింగులు రేకు డబ్బాలో ఉన్నాయి. పొద్దున ప్లేట్ల కోసం విప్పినప్పుడు, ఈ బండి మొహం చూడటం ఇష్టంలేక, బోల్టులూ స్ప్రింగులూ అన్నీ కలిపి చూడకుండా దాంట్లో కుమ్మరించాను. ముట్టుకోవద్దన్నాడు. చెప్పినమాట వినడం వేరు, కొలవకుండా బిగించడం వేరు. నిన్న ప్లేట్లతోపాటు స్ప్రింగుల పొట్లం కూడా తెచ్చి సొరుగులో దాచాను, అవసరమైతే వేద్దామని. ముందు పాతవి కడిగి పొడవు చూద్దాం, కుంగిపోయి ఉంటే తీసేద్దాం, బాగుంటే ఆయన మాటే నెగ్గనీ. డబ్బాలో కిరోసిన్ పోసి కుంచె తిప్పాను. నల్లటి జిగురు కరిగింది. అడుగున ఏదో గల్లుమంది. ఇంకొకటి. బోల్టుల వాషర్లు గట్టు మీద విడిగానే ఉన్నాయి, నాలుగూ ఉన్నాయి. మరివేమిటి? వేలు పెట్టి తీశాను. స్ప్రింగు అడుక్కి అతుక్కుని వాషర్లు. ఒక్కో స్ప్రింగు కింద రెండు, ఒకదాని మీద ఒకటి. నాలుగు స్ప్రింగులకీ.

కంపెనీవాడు ఇక్కడ వాషర్ పెట్టడు. ఏ బండికీ పెట్టడు. ఇది బజారు పని. ప్లేట్లు అరిగి జారుతుంటే కొత్తవి కొనకుండా స్ప్రింగు కింద వాషర్ వేస్తారు, స్ప్రింగు నొక్కుకుపోయి ప్లేట్లని గట్టిగా అదుముతుంది, జారడం తగ్గుతుంది, బండివాడు దండం పెట్టి వెళ్ళిపోతాడు. లివర్ లాగిన ప్రతిసారీ ఆ బరువంతా వాడి వేళ్ళ మీద పడుతుంది, మణికట్టు పడిపోతుంది. నాకు పని నేర్పుతున్న రోజుల్లో నాన్నే చెప్పాడు, “స్ప్రింగు కింద వాషర్ పెట్టేవాడు మెకానిక్కు కాడమ్మా, దొంగ.” ఆ మాట నేను ఎంతమందికి చెప్పానో, ఎంత గర్వంగా చెప్పానో. సరే, ఏదో డబ్బు కటకటలో ఎప్పుడో పెట్టి ఉంటాడు, తీయడం మరిచిపోయాడు, అని కూడా ఒక్క క్షణం అనుకున్నాను. చూడండి నా బుద్ధి, చేతిలో సాక్ష్యం పెట్టుకుని ఆయన తరఫున నేనే వాదిస్తున్నాను. గుడ్డతో తుడిచాను. ఒక పక్క పసుపు పూత.

పసుపు పూత వాషర్లు మా షాపులో ఒక్కసారే ఉన్నాయి. పాత నీళ్ళమోటారు ఒకటి విప్పినప్పుడు వచ్చినవి, బాగున్నాయని నేనే వేరే డబ్బాలో దాచాను. ఆ సాయంత్రం, రేపు బండి ఎక్కుతానన్న ఆ సాయంత్రం, నాన్న బండి పక్కన పీట వేసుకుని కూర్చుని “అమ్మాయ్, ఆ డబ్బాలోంచి ఒకే మందంవి ఎనిమిది వాషర్లు ఏరి తీసుకురా, తుప్పు పట్టినవి వద్దు” అన్నాడు. ఎందుకు నాన్నా? “నంబరుప్లేటు ఊగుతోంది.” నంబరుప్లేటుకి రెండు బోల్టులు. రెండు బోల్టులకి ఎనిమిది వాషర్లా అని నేను అడగలేదు. కొలిచాను. ఒక్కోదాన్నీ వెర్నియర్‌లో పెట్టి కొలిచి, తేడా వచ్చినవి వెనక్కి వేసి, గుడ్డతో తుడిచి ఆయన అరచేతిలో పోశాను. “శెభాష్, నీ పని పనే” అన్నాడు. నువ్వు వెళ్ళి పడుకో, పొద్దున్నే లేవాలి కదా, నీకోసం క్లచ్ సరిచేసి పెడతా అన్నాడు. నేను వెళ్ళి పడుకున్నాను. హాయిగా నిద్రపోయాను.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, కిరోసిన్ పట్టింది. ఒళ్ళంతా మండిపోయింది. ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదట, నేను ఆ మాట కూడా అనలేదే. మద్దెల నిజంగానే ఓడు, నేనేమో నా కాళ్ళే వంకరని ఇన్నేళ్ళూ మూల కూర్చున్నాను. దేవుడిచ్చిన చెయ్యట! తను చేసిన పని తెచ్చి దేవుడి నెత్తిన పెట్టాడు. ఆ తర్వాత ఈ క్లచ్ ఎన్నిసార్లు విప్పి ఉంటాడు? విప్పిన ప్రతిసారీ ఇవి చేతికి తగిలే ఉంటాయి. తీసి బయట పడేయొచ్చు, నేను ఎలాగూ ఎక్కడికీ పోవడం లేదు, వయసు కూడా పోయింది. పడేస్తే చెత్తబుట్టలోనో గచ్చు మీదో నా కళ్ళబడతాయని భయమేమో. మళ్ళీ మళ్ళీ పెట్టాడు. అవతల నేను పంక్చరు వేస్తుంటే ఇవతల కూర్చుని పెట్టాడు. మేనత్త పోలిక అని ఆ పసిదానికి చెబుతున్నప్పుడు కూడా ఇవి ఇక్కడున్నాయని ఆయనకి తెలుసు. నా మీద చేసింది చాలక దాని మీద కూడానా. దానికి నేను వంతపాడాను, మన చేతులే అంత అని.

“చప్పుడు లేదేం అమ్మాయ్?” అన్నాడు లోపల్నుంచి.

“కడుగుతున్నా నాన్నా.”

“ఏం కడుగుతున్నావ్?”

“స్ప్రింగులు.”

మంచం కిర్రుమంది. లోపలికి వెళ్ళి ఆ మంచం ముందు నిలబడి వీధంతా వినబడేలా అరవాలని ఉంది, గొంతుదాకా వచ్చింది. అరిస్తే ఏమవుతుంది? తమ్ముడు వస్తాడు, ముసలాయన్ని ఇప్పుడెందుకక్కా అంటాడు, ఈ బండి వల్లే కదా గొడవంతా అని పాలాయన చేతికి తాళం ఇచ్చి పంపేస్తాడు, వాడి సంగతి నాకు తెలీదా. మింగాను. నా కోపం ఇరవయ్యేళ్ళు నిలవ ఉన్నది, ఇంకో గంట ఉంటే పాడైపోదు. వాషర్లు జేబులో వేసుకున్నాను. పాత స్ప్రింగులు కొలిచాను, అన్నాళ్ళు వాషర్ల మీద నొక్కుకుని కుంగిపోయాయి, పనికిరావు. సొరుగులోంచి కొత్తవి తీశాను. ప్లేట్లు నానాయి. ఒక కొత్త ప్లేటు, ఒక స్టీలు ప్లేటు, ఒక కొత్త ప్లేటు, ఒక స్టీలు ప్లేటు, వేళ్ళు వాటంతటవే వేస్తున్నాయి. స్ప్రింగుల కింద ఏమీ పెట్టలేదు. బోల్టులు బిగించి, కేబుల్ సరిచేసి, లివర్ దగ్గరికొచ్చి ఆగాను. ఎడమచేతిని గుడ్డకేసి తుడిచాను, ఇంకోసారి తుడిచాను. రెండు వేళ్ళతో లాగాను. వచ్చేసింది. దీనికోసమా, అనుకున్నాను. కళ్ళనీళ్ళు వచ్చాయి, కిరోసిన్ చేత్తో తుడుచుకున్నానేమో ఇంకా మండాయి.

నాలుగింటికి ముందే అంతా వచ్చారు. పాలాయన బండి చుట్టూ తిరిగి టైర్లు తన్ని చూశాడు. తమ్ముడు కుర్చీ తెచ్చి షట్టరు దగ్గర వేశాడు, నాన్న గోడ పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. నా వైపు తిరగలేదు. పిడుగు మొహం పాలిపోయి ఉంది, అరచేతులు చున్నీకి తుడుచుకుంటోంది. “అత్తా, రాదేమో” అంది. “ఎక్కు” అన్నాను. ఎక్కి, పళ్ళు బిగించి, శక్తంతా కూడగట్టుకుని లివర్ లాగింది. అది పోయి హేండిల్‌కి కొట్టుకుంది. పిడుగు బిత్తరపోయి నన్ను చూసింది. “ఇదేంటత్తా, వెన్నలా ఉంది!” నాన్న తల పైకెత్తాడు. కళ్ళు లేకపోయినా చెవులున్నాయి, లివర్ చప్పుడు ఆయనకి తెలీనిదా.

బండి కదిలింది. తమ్ముడు రోడ్డు మీదికి వెళ్ళి నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాడు, పాలాయన వాడి పక్కన. కుర్చీ దగ్గర నేను, నాన్న. ఆయన చెయ్యి పట్టుకుని, అరచెయ్యి తెరిచి, ఎనిమిది వాషర్లూ పోశాను. అప్పట్లో పోసినట్టే. బొటనవేలితో ఒక్కోదాన్నీ తడిమాడు. మొహంలో ఏమీ మారలేదు. వీధి చివర బండి మలుపు తిరిగిన చప్పుడు వినబడింది, ఎక్కడా ఆగలేదు.

“నువ్వు వెళ్ళిపోతే ఇక్కడ పని ఎవరు చేసేవాళ్ళమ్మా?” అన్నాడు మెల్లగా.

అదీ సంగతి. చెయ్యి చాలకపోవడం కాదు, చాలినందుకు. “ఆ మాట అప్పుడే అడగాల్సింది నాన్నా. అడిగితే ఉండిపోయేదాన్ని” అన్నాను. నిజంగానే ఉండిపోయేదాన్ని, అదే నా ఖర్మ. ఆయన వాషర్లని ఇంకోసారి తడుముకున్నాడు.

“వచ్చేస్తోందక్కా!” అని తమ్ముడు కేకేశాడు. పాలాయన జేబులో చేతులు పెట్టుకుని నవ్వాడు.

“తుప్పు పట్టలేదు. పారెయ్యకు, డబ్బాలో వెయ్యి, పనికొస్తాయి” అని నాన్న చెయ్యి చాపాడు.

ఆ వేళ్ళని నేనే మూసి, ఆ గుప్పిటని ఆయన ఒళ్ళోనే పెట్టాను. “నీ దగ్గరే ఉంచుకో నాన్నా. ఎనిమిదీ ఒకే మందం. నేనే ఏరాను.”